పాట ఉంది, మనిషేడీ?

సాయంత్రం పూట చార్మినార్ పక్కన కాసేపు నిలబడితే చెవిన పడే పాటలకు లెక్కుండదు. గాజుల దుకాణంలో ఒకటి, అత్తరు కొట్టు ముందు ఒకటి, ఆగిన ఆటోలోంచి ఒకటి, పక్కనే నడుస్తున్న కుర్రాడి ఫోన్లోంచి ఇంకొకటి. వాటిలో సగం మనకు నోటికి వచ్చినవే. పల్లవి అందుకుంటే చరణం దానంతట అదే నడిచొస్తుంది. ఎవరు రాశారో చెప్పమంటే మాత్రం తడుముకుంటాం. ఎవరు పాడారన్నది సగం మందికి తెలుస్తుంది. బాణీ కట్టిందెవరో ఏ నలుగురికో తెలుస్తుంది. రాసిన మనిషి ఎక్కడి వాడు, ఏం పని చేసుకుని బతికాడు అన్నంత దూరం ఎవరూ వెళ్ళరు. పాట నచ్చింది కదా, చాలదా అనిపిస్తుంది.

మామూలు రోజుల్లో చాలు కూడా. ఎప్పుడైనా పాట మీద తగువు వచ్చినప్పుడే ఆ మనిషి లేని లోటు తెలుస్తుంది. పాతబస్తీ అలాంటి తగువు ఒకటి చూసింది.

2018 ఫిబ్రవరి చాలామందికి గుర్తుండే ఉంటుంది. బడిలో వేడుక జరుగుతుంటుంది. వేదిక మీద పాట. కింద కూర్చున్న ఒక అమ్మాయి ఎదురుగా ఉన్న అబ్బాయిని చూసి కనుబొమలు ఎగరేసి, కన్ను గీటి నవ్వేస్తుంది. కొన్ని క్షణాల ఆ ముక్క రోజుల వ్యవధిలో దేశమంతా పాకింది. సినిమా పేరు ‘ఒరు అడార్ లవ్’. ఆ అమ్మాయి త్రిసూర్‌కు చెందిన ప్రియా ప్రకాశ్ వారియర్. సినిమా ఇంకా విడుదల కూడా కాలేదు. మలయాళం ఒక్క ముక్క రాని వాళ్ళు కూడా ఫోన్లలో ఆ పాటే చూస్తూ కూర్చున్నారు.

కేసు మాత్రం ఎక్కడో కొచ్చిలో పడలేదు. మన ఫలక్‌నుమా పోలీస్ స్టేషన్లో పడింది. కొందరు యువకులు వెళ్ళి దర్శకుడు ఒమర్ లులు మీద ఫిర్యాదు ఇచ్చారు. పాట మాటల్లో ప్రవక్త పేరు, ఆయన భార్య ఖదీజా పేరు ఉన్నాయనీ, అలాంటి పాటకు కన్ను గీటే దృశ్యం పెట్టడం తమ మనసును నొప్పించిందనీ వాళ్ళ బాధ. మహారాష్ట్రలోనూ ఇలాంటి ఫిర్యాదులే వచ్చాయి. ఆ యువకుల మాటను తేలిగ్గా తీసిపారేయాలని నాకు లేదు. తాము ప్రాణంగా చూసుకునే పేర్లు, తమకు తెలియని భాషలో, తెలియని ముఖాల మధ్య హఠాత్తుగా వినిపిస్తే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది. పరాయి ఊళ్ళో మన ఇంటి పెద్దల పేరు ఎవరి నోటో వింటే ఆగి వెనక్కి చూడమూ?

అసలు సంగతి ఆ పాట పుట్టుకలో ఉంది. ‘మాణిక్య మలరాయ పూవి’ ఆ సినిమా కోసం పుట్టింది కాదు. మలబారు ముస్లింలు తరతరాలుగా పాడుకునే మాప్పిళ పాటల కోవలోది. 1978లో పి.ఎం.ఎ. జబ్బార్ అనే ఆయన రాశారు. తలస్సేరి రఫీక్ బాణీ కట్టి పాడారు. ఖదీజా, ప్రవక్తల పెళ్ళి కథను ప్రేమగా, గౌరవంగా చెప్పుకునే పాట అది. నలభై ఏళ్ళుగా మలబారు పెళ్ళిళ్ళలో వినిపిస్తూనే ఉంది. సినిమా వాళ్ళు దాన్నే తీసుకుని, షాన్ రెహమాన్ సంగీతంతో, వినీత్ శ్రీనివాసన్ గొంతుతో కొత్తగా చేశారు.

అంటే ఫలక్‌నుమా యువకులు ఏ పేర్ల మీద ప్రేమతో స్టేషన్ మెట్లెక్కారో, ఆ పేర్ల మీద ప్రేమతోనే ఆ పాటా పుట్టింది. మధ్యలో ఈ మాట చెప్పేవాళ్ళు ఒక్కరు లేకపోయారు.

రాసిన మనిషి ఎక్కడున్నాడా అని పత్రికలవాళ్ళు వెతికారు. కొడుంగల్లూరు దగ్గరి కరుప్పడన్న ఆయన ఊరు. దొరికింది మాత్రం సౌదీ అరేబియాలోని రియాద్‌లో. అప్పట్లో అక్కడ ఒక చిన్న కిరాణా దుకాణంలో పనిచేస్తుండేవారు. దేశం దేశమంతా ఆయన పాటకు ఊగిపోతూంటే, ఆయన ఉప్పులూ పప్పులూ తూచి ఇస్తున్నారు. ఆ వార్త చదివిన రోజు ఆ దుకాణమే కళ్ళ ముందు కదలాడుతూ ఉండిపోయింది.

ఎందుకంటే రియాద్ పాతబస్తీకి కొత్త ఊరు కాదు. ఫలక్‌నుమా, బార్కస్, షాలీబండ, ఏ గల్లీలోకి వెళ్ళినా అన్నో, బావో, చిన్నాన్నో రియాద్‌లోనో జెడ్డాలోనో ఉన్న ఇల్లు కనిపిస్తుంది. అక్కడి కిరాణా కొట్టును బకాలా అంటారని ఇక్కడి పిల్లలకు కూడా తెలుసు. ఆ యువకుల చుట్టాలెవరైనా ఏదో ఒక సాయంత్రం రియాద్‌లో ఒక బకాలా ముందు నిలబడి పాల ప్యాకెట్టు కొనుక్కుని ఉండొచ్చు. గల్లాపెట్టె వెనకున్న పెద్దాయన ఇలాంటి పాట రాశాడని ఎలా తెలుస్తుంది? ఎవరు చెబుతారు?

కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఫిబ్రవరిలోనే కోర్టు కేసును ఆపింది. 2018 ఆగస్టు 31న కొట్టేసింది. పాట 1978 నాటిదనీ, కావాలని కించపరిచే ఉద్దేశం ఇందులో కనబడదనీ తేల్చింది. మరుసటి ఏడాది ప్రేమికుల రోజున ఆ సినిమా ‘లవర్స్ డే’ పేరుతో తెలుగులోకీ వచ్చింది. అప్పటికి కన్నుగీటూ పాతబడింది, తగువూ పాతబడింది. మలబారు పెళ్ళిళ్ళలో పాట మాత్రం అలాగే ఉంది.

పాటలోంచి మనిషి తప్పిపోవడం కొత్త సంగతేం కాదు. మన పాతవాళ్ళకు ఈ భయం ముందే ఉన్నట్టుంది. అందుకే పాటలోనే తమ గుర్తు కుట్టేసుకున్నారు. అన్నమయ్య పాట వేంకటేశుడి దగ్గరికి రాకుండా ముగియదు. త్యాగరాజు తన పేరే పెట్టుకున్నాడు. క్షేత్రయ్య పదంలో మువ్వగోపాలుడు ఉండాల్సిందే. ఆ క్షేత్రయ్య గోల్కొండ పాదుషా కొలువుకు వచ్చి, తులసిమూర్తి అనే విద్వాంసుడితో పోటీ పడి, నలభై రోజుల్లో వెయ్యిన్నూరు పదాలు చెప్పాడని ఒక కథ. వెయ్యిన్నూరు పదాలు గోల్కొండకు ఇచ్చినట్టు ఆయన పదంలోనే ఉంది. వాటిలో మనకు మిగిలినవి ఎన్ని అని తలుచుకుంటే దిగులేస్తుంది. మిగిలిన వాటిని మాత్రం మువ్వగోపాలుడే చెయ్యి పట్టుకుని ఇంటికి చేర్చాడు.

ఉర్దూ గజల్‌దీ అదే పద్ధతి. చివరి షేర్‌లో కవి తన కలం పేరు కలుపుతాడు. దాన్ని మఖ్తా అంటారు. పాతబస్తీ మహఫిళ్ళలో ఇంకో మర్యాద కూడా ఉంది. గాయకుడు గజల్ ఎత్తుకునే ముందు ఇది ఫలానా వారి కలామ్ అని చెబుతాడు. ఆ పేరు వినగానే ముందు వరసలోని పెద్దలు తలాడిస్తారు. పాట ఇంకా మొదలే కాలేదు, రాసినవాడు వచ్చి మధ్యలో కూర్చున్నట్టే ఉంటుంది.

పేరు కుట్టుకోని కవులూ ఉన్నారు. మఖ్దూమ్ మొహియుద్దీన్‌నే చూడండి. అప్పటి మెదక్ జిల్లా అందోలులో 1908లో పుట్టి, మూసీ ఒడ్డున ఉన్న సిటీ కాలేజీలో ఉర్దూ పాఠాలు చెప్పి, ఆ ఉద్యోగం వదిలేసి తెలంగాణ పోరాటంలోకి వెళ్ళిపోయినవాడు. రాత్రంతా ఒకరి జ్ఞాపకం వెంటాడడం గురించి ఆయన ఒక గజల్ రాశాడు. చివర పేరు పెట్టుకోలేదు. 1969లో ఆయన పోయారు. తర్వాత పాకిస్తాన్ మహాకవి ఫైజ్ అహ్మద్ ఫైజ్, మఖ్దూమ్ జ్ఞాపకంగా అదే నడకలో, అదే అంత్యపదంతో ఇంకో గజల్ రాశాడు. స్నేహితుడికి ఇంతకంటే పెద్ద నివాళి ఏముంటుంది!

అటు 1978లో ‘గమన్’ సినిమాలో జైదేవ్ సంగీతంలో ఛాయా గంగూలీ మఖ్దూమ్ గజలే పాడింది. ఆమెకు జాతీయ పురస్కారం వచ్చింది. అప్పటి నుంచీ ఇది ఫైజ్‌దని కొందరు, కాదు మఖ్దూమ్‌దని కొందరు. ఇప్పటికీ ఈ పొరపాటు తరచూ వినిపిస్తుంది. హైదరాబాద్ వాళ్ళకు అది వింటే ప్రాణం ఉసూరుమంటుంది. తమ ఊరి మేష్టారి గజల్ లాహోర్ వెళ్ళిపోతే ఊరుకుంటారా? ఫైజ్ ఆ మాట విని ఉంటే ఆయనే ముందుగా కాదనేవాడని నా నమ్మకం. నివాళిగా రాసుకున్నదే ఆ స్నేహితుడి పేరును కప్పేయడం ఏ కవీ కోరుకోడు.

గొంతుల విషయంలోనూ ఇంతే. ‘మొఘల్-ఎ-ఆజమ్’ చూసినవాళ్ళందరికీ తాన్‌సేన్ గొంతు గుర్తుంటుంది. తెర మీద మనిషి వేరు. ఆ గొంతు బడే గులాం అలీ ఖాన్‌ది. సినిమాకు పాడడం ఇష్టంలేక, అడగడానికి వచ్చిన దర్శకుడు కె.ఆసిఫ్‌ను వదిలించుకుందామని పాటకు 25,000 రూపాయలు అడిగారనీ, ఆసిఫ్ అక్కడికక్కడే సరేననడంతో పాడక తప్పలేదనీ చెబుతారు. పేరున్న సినిమా గాయకులకు పాటకు అయిదు వందల లోపే ముట్టే కాలం అది.

ఆయన పుట్టింది పంజాబ్‌లోని కసూర్‌లో. దేశం రెండయ్యాక ఆ ఊరు అటుపోయింది, ఆయన ఇటు వచ్చేశారు. మొరార్జీ దేశాయ్ చొరవతో మళ్ళీ భారత పౌరసత్వం దొరికింది. చివరి రోజులు హైదరాబాద్‌లో గడిచాయి. పక్షవాతం వచ్చి లేచాక కూడా కొడుకు మునవ్వర్ అలీ ఖాన్ తోడుగా పాడుతూనే ఉన్నారు. 1968లో బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో కన్నుమూశారు. ఆ ప్యాలెస్ ఇప్పుడు లేదు. ఆయన్ను పాతబస్తీ సుల్తాన్‌షాహీలోని దాయిరా మీర్ మోమిన్‌లో ఖననం చేశారు.

హైదరాబాద్ నగరానికి నమూనా గీసినవాడని చెప్పే మీర్ మోమిన్ పేరున వెలసిన శ్మశానం అది. కర్బలా మట్టి తెప్పించి ఆ నేలలో కలిపారని నమ్మకం. ఎక్కడి కసూర్, ఎక్కడి సుల్తాన్‌షాహీ! అటువైపు రోజూ స్కూటర్ మీద వెళ్ళేవాళ్ళలో ఎంతమందికి తెలుసో, ఎప్పుడో టీవీలో విని ఒళ్ళు మరిచిన ఆ ఆలాపన మనిషి ఆ గోడ వెనకే ఉన్నాడని.

అయితే మనుషులు ఎదురెదురుగా ఉన్నంత మాత్రాన తగువులు రావా అంటే, వస్తాయి. మన బాలు, ఇళయరాజాల సంగతే తీసుకోండి. 2017 మార్చిలో బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా ఇళయరాజా తరఫు నుంచి లాయరు నోటీసు వచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని. బాలు ఆ సంగతి జనానికి చెప్పి, ఇక ఆ పాటలు పాడనన్నారు. ఆ రోజు ఎన్ని ఇళ్ళలో మనసు చివుక్కుమందో! ఎవరిది ఒప్పన్నది కాదు మన బాధ. కలిసి అన్నేళ్ళు నడిచిన ఇద్దరి మధ్య కాగితం రావడమే కష్టంగా తోచింది.

ఆ కష్టం ఎక్కువకాలం నిలవలేదు. తర్వాత సర్దుకున్నారు, 2019లో మళ్ళీ ఒకే వేదిక మీద కనిపించారు. 2020 ఆగస్టులో బాలు ఆసుపత్రిలో ఉంటే, త్వరగా లేచి రమ్మంటూ ఇళయరాజా తడి గొంతుతో వీడియో పెట్టారు. సెప్టెంబరు 25న బాలు వెళ్ళిపోయారు. ఒకరికొకరు తెలిసిన మనుషులు కాబట్టి ఆ తగువు తగువుగా మిగల్లేదు. పేరుకు తప్ప ఒకరికొకరు తెలియని చోట, మధ్యలో పాట ఒక్కటే ఉన్నచోట, ఎంత చిన్న అపార్థమైనా గట్టిపడిపోతుంది.

బాలు గురించి చెప్పుకుంటున్నాం కనుక ఇంకో మాట. ‘పాడుతా తీయగా’లో పిల్లలు పాడేముందో, పాడాకో ఆయన ఆ పాట రాసిందెవరు, బాణీ ఎవరిది, రికార్డింగు రోజున ఏం జరిగింది, అన్నీ చెప్పేవారు. కొందరికి అది సాగదీతగా అనిపించేది. నాకు మాత్రం ఆ మాటల కోసమే చూడాలనిపించేది. మహఫిల్‌లో కలామ్ ఎవరిదో చెప్పే మర్యాద, ఆయన పద్ధతిలో తెలుగింట్లోకి వచ్చినట్టే. పెళ్ళి సందట్లో దారి తప్పిన పిల్లాణ్ని ఎత్తుకుని ఎవరి బాబండీ అని నలుగురినీ అడిగి తల్లి చేతికి అప్పగిస్తాం చూడండి, ఆయన ప్రతి పాటకూ ఆ పని చేసేవారు.

నిజంగానే దారి తప్పిపోయిన ఒక పాటగాడు హైదరాబాద్‌లో ఉండేవారు. పండిత్ విఠల్‌రావు. ఏడో నిజాం రెండో కొడుకు, షాజీ పేరుతో కవిత్వం రాసిన మొఅజ్జం జా కొలువులో చిన్నతనంలోనే పాడినవారు. నిజాం కాలపు ఆఖరి ఆస్థాన గాయకుడని ఆయన్ను చెప్పుకునేవారు. కొలువులు పోయాయి, కవులు ఒక్కొక్కరే పోయారు, ఆయన గొంతులో మాత్రం ఆ నగరం చాలాకాలం ఉంది. ఇంట్లో మరాఠీ పేరు, గొంతులో ఉర్దూ గజల్. ఆయన పాడుతుంటే ఎవరూ ఆ రెంటినీ విడదీసి చూసేవారు కాదు.

2015 మే నెలాఖరులో ఇంటివాళ్ళతో షిరిడీ వెళ్ళారు. అక్కడ జనంలో తప్పిపోయారు. ఎనభై దాటిన మనిషి. పత్రికల్లో ఫొటోలు వేశారు, పోలీసులు వెతికారు, శిష్యులు వెతికారు. రోజులు వారాలయ్యాయి. ఆచూకీ దొరికినా ఆయన మనకు ఎక్కువ రోజులు దక్కలేదు. జూన్ 26న హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆ నాలుగు వారాల్లో ఎవరో ఒకరు ఆయనకు నీళ్ళిచ్చి ఉంటారు, రొట్టెముక్క పెట్టి ఉంటారు. వాళ్ళలో గజళ్ళంటే చెవి కోసుకునేవాళ్ళు కూడా ఉండి ఉండవచ్చు. ముందు కూర్చున్న ముసలాయన ఎవరో వాళ్ళకు తెలిసే దారే లేదు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా గొంతులో ఏదో అడ్డుపడుతుంది.

ఆయన శిష్యుల్లో ధూల్‌పేట, మంగళ్‌హాట్ వీధుల్లో పెరిగిన ఒక కుర్రాడు ఉన్నాడు. వాళ్ళ నాన్నది క్షౌరశాల. కొడుకు గిన్నెల మీద దరువేస్తూ కూనిరాగాలు తీయడం చూసి, తీసుకెళ్ళి విఠల్‌రావు దగ్గర కూర్చోబెట్టాడు. నాన్నకు దుకాణంలో సాయం చేస్తూనే ఏళ్ళ తరబడి ఆయన దగ్గర గజల్ నేర్చుకున్నాడు రాహుల్ సిప్లిగంజ్. తర్వాత పాతబస్తీ యాసలో సొంత పాటలు కట్టి యూట్యూబ్‌లో పెట్టాడు. సినిమాల్లోకి వచ్చాడు.

2023 మార్చిలో లాస్ ఏంజెలెస్‌లోని ఆస్కార్ వేదిక మీద కాలభైరవతో కలిసి ‘నాటు నాటు’ పాడాడు. కీరవాణి, చంద్రబోస్ బహుమతి అందుకున్నారు. ఆ రోజు మంగళ్‌హాట్ అంతా మనవాడంది, హైదరాబాద్ అంతా మనవాడంది, తెలుగు నేల అంతా మనవాడంది. ఆ మర్నాటి నుంచి రాహుల్ గురించి రాసినవాళ్ళు చాలామంది, క్షౌరశాల సంగతితో పాటు గురువుగారి పేరూ రాశారు. విఠల్‌రావు ఎవరో ఎప్పుడూ వినని పిల్లలు ఆ పేరు పట్టుకుని వెతికారు. ఆయన పాడిన గజళ్ళు కొన్ని అక్కడక్కడా దొరుకుతున్నాయి. కొన్నింటి కింద కవి పేరు కూడా రాసి ఉంది. కొన్నింటి కింద లేదు. తెలిసిన పెద్దవాళ్ళు పాతబస్తీలో ఇంకా ఉన్నారు, ఈ సెలవుల్లో ఎవరైనా వెళ్ళి అడిగి రాసుకుంటే బాగుండు.